ఎల్డన్ గారి గూస్‌నెక్ ట్రైలర్

టాలివర్ జిల్లాలో అరువు అనే దురాచారం లేదు! ఉందని ఎవరైనా అంటే, వాళ్ళు ఆ జిల్లాలో అడుగు పెట్టనివాళ్ళన్నా అయివుండాలి, పక్క జిల్లావాళ్ళన్నా అయివుండాలి. కాన్సస్ రాష్ట్రం మొత్తం మీద ఇంతటి అభిమానధనులైన రైతులు మరోచోట లేరని అక్కడి రైతులే స్వయంగా ఒప్పుకుంటారు.

ఒకరి వస్తువు మరొకరి దొడ్లో కనబడవచ్చు. అది వేరే సంగతి. గేలెన్ ఫ్రై గారి ట్రాక్టరు నెల్లాళ్ళుగా మెర్ల్ హ్యూబర్ట్ గారి పొలంలో తిరుగుతోందంటే, మెర్ల్ గారు దాన్ని ‘నడిపి చూస్తున్నారు’ అన్నమాట. మెర్ల్ గారి వెల్డింగు మిషను గేలెన్ గారి కొట్టంలో ఉందంటే, అది తుప్పు పట్టకుండా ఆయన ‘కనిపెట్టుకుని ఉంటున్నారు’. పనయ్యాక ట్రాక్టరుకు టాంకు నిండా డీజిలు పోయించి, తెచ్చి గుమ్మంలో నిలబెడతారు. డీజిలు నిండిందా, వ్యవహారం చెల్లు! ఎవరూ ఎవరికీ రుణపడలేదు. ఎవరూ ఏమీ పుచ్చుకోలేదు. ‘అరువు’ అనే మాటను ఆ జిల్లాలో పిల్లల ముందు అనరు.

ఇంత నిప్పులాంటి జిల్లాలో ఎల్డన్ ప్రొబాస్కో మధ్యరకం రైతు. నలభై ఆవులు, కొండమీద ఇల్లు, ఇంటికి దూరంగా విల్లో వాగు ఒడ్డున పల్లంలో ఒక గడ్డిబీడు, ఆర్లిస్ అనే భార్య, ఇదీ ఆయన ఆస్తి. ఏటా జులైలో ఆ గడ్డి కోసి, మనిషెత్తు గుండ్రటి చుట్టలుగా చుట్టి, వాగు పొంగేలోగా ఇంటికి చేరవేసుకోవాలి. చేరిందా, చలికాలమంతా ఆవులు బతుకుతాయి. చేరలేదా, సగం మందను సంతకు తోలుకోవాలి. ఆయన జీవితంలో ఉన్న చిక్కంతా ఇంతే. తక్కిన చిక్కులన్నీ ఆయన కోరి తెచ్చుకున్నవి.

వాటిలో మొదటిది కాఫీ బల్ల. సహకార సంఘం గోదాములో పొద్దున్నే రైతులందరూ కాఫీకి చేరతారు. మధ్యలో పొడుగాటి బల్ల ఉంది. గోడవారన, ఆవులు నాకే ఉప్పు దిమ్మల పక్కన, నాలుగు ఎత్తు పీటలున్నాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. చెప్పకుండానే ఎల్డన్ ఇరవయ్యేళ్ళుగా పీటమీద కూర్చుని, చెవులు మాత్రం బల్లమీద పెట్టి కాఫీ తాగుతున్నాడు. బల్ల దగ్గర వెండెల్ క్రూస్ ఉంటాడు. ఆయన సంఘానికి అధ్యక్షుడు, జిల్లాలో అందరికంటే ఎక్కువ భూమి ఉన్నవాడు. ఆయనకు కుడివైపు మెర్ల్, ఎడమవైపు గేలెన్.

ఆ మే నెలలో ఎల్డన్ పాత ట్రైలర్ ఇరుసు నడివీధిలో విరిగింది. దానిమీది గడ్డి చుట్ట దొర్లుకుంటూ పోయి బాంకు మేనేజరు గారి గులాబీ మొక్కల్లో విశ్రమించింది. మర్నాడు పీటమీద కూర్చుని ఎల్డన్ ఎవరితోనూ కానట్టు అన్నాడు: “ఇక కొత్త ట్రైలర్ కొనక తప్పదు.”

బల్ల దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి. ఒక కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది.

“ఏమోయ్ ఎల్డన్! అలా గోడకి అంటుకుపోయి కూచుంటావేం? ఇటు రా, ఇటు రా!” అన్నాడు వెండెల్.

బల్ల దగ్గరికి చేరేలోపు ఎల్డన్ సగం కాఫీ నేలమీద పోశాడు. అంత తొందరపడ్డాడు పాపం!

“ఎలాంటిది కొందామని?”

“ఇదివరకటి లాంటిదేనండీ. బంపరుకి తగిలించుకునేది.”

వెండెల్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. “బంపరుకా! వారాంతాల్లో పడవలు లాక్కెళ్ళే పట్నంవాళ్ళు కొంటారయ్యా అవి! రైతన్నవాడు గూస్‌నెక్ కొంటాడు.”

నిజమే. గూస్‌నెక్ ట్రైలర్‌కు ముందు భాగం బాతు మెడలా పైకి లేచి, పికప్ బండి వెనక తలుపు మీదుగా లోపలికి వంగి, తొట్టె నడుమ ఉన్న ఇనప బంతిమీద కూర్చుంటుంది. బరువు బండి వెనక వేలాడదు, నడుంమీద పడుతుంది. గాలికి ఊగదు, మలుపులో మొరాయించదు. ఇదంతా అక్షరాలా నిజం. ఆ బల్ల దగ్గర ఆ వేసవిలో వినబడిన ఆఖరి నిజం కూడా అదే.

“పొడుగు ఇరవై అయిదు అడుగులైతే చాలేమో,” అన్నాడు ఎల్డన్.

“ముప్ఫై రెండు!” అన్నాడు గేలెన్, బల్ల గుద్ది.

“గడ్డి చుట్టలకి ముప్ఫై రెండెందుకండీ?” అన్నాడు ఎల్డన్.

“గడ్డి గురించి ఎవడు మాట్లాడుతున్నాడు? నీ భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నా!”

ఎల్డన్ భవిష్యత్తు ఆ సమయంలో గేలెన్ గారి కొట్టం వెనక పడివుంది. కంచె వేసుకుందామని ఆయన చమురు బావుల దగ్గర కొన్న పాత ఇనప గొట్టాలు. ఒక్కొక్కటీ ముప్ఫై రెండు అడుగులు!

“తోక వాలుగా ఉండాలి,” అన్నాడు మెర్ల్ కళ్ళు సగం మూసి. “దానికి వెడల్పాటి ఇనప రేకులు, ఎక్కడానికి దిగడానికి. లేకపోతే అసలు ట్రైలరే కాదు.” మెర్ల్ దగ్గర ఒక లోడరు మిషను ఉంది. దాని పొట్ట నేలకు ఆనుతుంది. వాలు లేని ట్రైలర్ అది ఎక్కలేదు. ఈ సంగతికీ ఆ సలహాకీ సంబంధం ఉందని అనుకోవడం పాపం.

“ఇరుసులు మాత్రం లావుపాటివి వేయించు,” అని వెండెల్ తీర్పు చెప్పాడు. “ఇరుసుకి నాలుగేసి చక్రాలు. నీ హోదాకి అంతకంటే తక్కువైతే నేనొప్పుకోను.”

వెండెల్‌కు ఒక బుల్డోజరు ఉంది. అయినా ఎల్డన్‌కు వినబడింది ‘హోదా’ అన్న మాటొక్కటే. ఇంటికి వెళ్తూ ఆ మాటను దారి పొడుగునా నాలుకమీద చప్పరించాడు.

ఆర్లిస్ స్కూలు బస్సు నడుపుతుంది. పెద్ద బండిని వెనక్కి పోనివ్వడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె అంతా విని బంగాళాదుంప చెక్కుతూనే అంది: “వాలు తోక ఎందుకయ్యా? గడ్డి చుట్టలు వాటంతటవి నడిచి ఎక్కుతాయా? ట్రాక్టరుతో పక్కనించి పెడతాంగా.”

“నీకు తెలీదే. భవిష్యత్తుంటుంది.”

“నీ పికప్ ఆ బరువు లాగగలదా?”

“లాగుతుంది.”

“ఖాళీదా, నిండుదా?”

ఎల్డన్ ఆవుల్ని చూడ్డానికి వెళ్ళిపోయాడు. ఆవులు ఇలాంటి ప్రశ్నలు వెయ్యవు.

శనివారం నాడు ట్రైలర్ల దుకాణానికి ఎల్డన్, ఆర్లిస్‌ల వెంట వెండెల్, మెర్ల్, గేలెన్ ముగ్గురూ తోడు వచ్చారు. ఒక రైతు కొనుగోలుకు ముగ్గురు పెద్దమనుషులు తోడురావడం ఆ జిల్లాలో పెళ్ళిళ్ళకు కూడా జరగలేదు! దుకాణం మనిషి బెల్టు సర్దుకుని, “మీరేం మోస్తారండీ?” అని అమాయకంగా అడిగాడు.

“రైతుని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది?” అన్నాడు వెండెల్.

“గడ్డి,” అంది ఆర్లిస్ వెనకనించి.

“గడ్డికైతే ఆ చివర ఇరవై అయిదడుగుల చదునుది చాలండి. మీ పికప్‌కి కూడా అదే...” అంటూ మొదలెట్టినవాడు ముగ్గురి మొహాలూ చూశాడు. ఆ పక్కనే ఉన్న ముప్ఫై రెండడుగుల దాన్నీ, దాని ధరనూ చూశాడు. “...అదే చాలామంది కొంటారు. కానీ తమరు చాలామందిలో ఒకరు కారు కదండీ!” అని ముగించాడు.

కొన్నారు. గేలెన్ టేపుతో పొడుగు రెండుసార్లు కొలిచి చూశాడు. మెర్ల్ తోకమీద పడుకుని వాలు పరీక్షించాడు. వెండెల్ ఇరుసుల కింద దూరి, బయటికి వచ్చి, కన్నకొడుకును చూసినట్టు ఎల్డన్‌ను చూశాడు. పాత ట్రైలర్‌కు ఇరుసు వేయించి ఉంచుకుందామని ఆర్లిస్ అంటే, “ఒక దొడ్లో రెండు ట్రైలర్లా? చూసినవాళ్ళు ఏమనుకుంటారమ్మా!” అని వెండెల్ దాన్ని అక్కడికక్కడే దుకాణం మనిషికి అమ్మించేశాడు. పొడుగు గేలెన్‌ది, తోక మెర్ల్‌ది, ఇరుసులు వెండెల్‌వి. బిల్లు మాత్రం ఎల్డన్‌దే.

సోమవారం పొద్దున ఎల్డన్ దాన్ని గోదాము ముందుకు తెచ్చాడు. అద్దాల వెనక బల్ల బల్లంతా లేచి నిలబడింది. అందరూ చూస్తుండగా దాన్ని అక్కడ విడిచిపెట్టి, ఒక్క పికప్‌ను మాత్రం హుందాగా ముందుకు పోనిద్దామని ఆయన ముచ్చట. ట్రైలర్ నిలబడే ఇనప కాళ్ళు దించాడు. గొలుసులు విప్పాడు. మెడను బంతిమీదనించి లేపాడు. పికప్ ఎక్కి కూర్చున్నాడు. బండి వెనక తలుపు కిందికి దించాలన్న సంగతి మాత్రం మరిచిపోయాడు!

గూస్‌నెక్ ఉన్నవాళ్ళందరూ జీవితంలో ఒక్కసారి చేసే తప్పది. పికప్ ముందుకు వెళ్ళింది. ట్రైలర్ మెడ అక్కడే ఉంది. మధ్యలో ఉన్న తలుపు ఫెళ్ళుమని విల్లులా వంగింది. ఎల్డన్ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. దిగితే పీట తప్పదని ఆయన భయం.

వెండెల్ నెమ్మదిగా వచ్చి కిటికీలో చెయ్యి పెట్టాడు. “ఏం చూశాంరా మనం?” అని వెనక్కి తిరిగి అడిగాడు.

“ఏమీ చూళ్ళేదే!” అన్నారు మెర్ల్, గేలెన్ ఒక్క గొంతుతో.

ఎల్డన్‌కు కళ్ళు చెమర్చాయి. ఇంతటి పెద్దమనుషుల మధ్య బతకడం అదృష్టం కాదూ!

“తలుపు బాగుచేయించుకునేదాకా నీకెలాగూ కుదరదు,” అన్నాడు వెండెల్. “కొత్త ట్రైలర్ కదలకుండా ఉంటే చక్రాలు ఓ పక్కకి అణిగిపోతాయి. నేను కాస్త అటూ ఇటూ తిప్పి ఉంచుతాలే.” అంటూనే తన పికప్‌ను వెనక్కి తెచ్చి తగిలించేసుకున్నాడు. ఆయన పికప్ వెనక నాలుగు చక్రాలది. ఆ ట్రైలర్ దానికి కొలత తీసి కుట్టించినట్టు సరిపోయింది.

ఆనాడు మొదలు ఆ ట్రైలర్‌కు సేవ చేయని రైతు లేడు. వెండెల్ చక్రాలు అణగకుండా బుల్డోజరును దానిమీద ఎక్కించి తిప్పాడు. గేలెన్ దాని వెన్ను వంగుతుందో లేదో ఇనప గొట్టాలు వేసి పరీక్షించాడు. మెర్ల్ వాలు తోకకు కీళ్ళు పట్టెయ్యకుండా లోడరును ఎక్కించి దించాడు. ట్రాక్టరైతే టాంకు నింపి ఇవ్వాలి. ట్రైలర్‌కు టాంకేది? నింపడానికి ఏమీ లేనప్పుడు ఇవ్వడానికీ ఏమీ లేదు. అంత నిష్కళంకమైన వస్తువు ఆ జిల్లాలోకి అంతకుముందు రాలేదు! ఎల్డన్ రోజూ పొడుగు బల్ల దగ్గర కూర్చుని, తన ట్రైలర్ ఎక్కడెక్కడ తిరుగుతోందో విని ఆనందించాడు. తలుపు బాగుపడింది. ట్రైలర్ మాత్రం ఇంటికి రాలేదు.

జులై వచ్చింది. ఎల్డన్ వాగు ఒడ్డున గడ్డి కోసి, ఎండబెట్టి, చుట్టలు చుట్టాడు. ఎన్నడూ లేనంత మంచి గడ్డి, పచ్చగా, తేనె వాసనతో. ఇక చేరవేయడమే తరువాయి. ఆయన గొంతు సవరించుకుని ఫోను చేశాడు.

“వెండెల్ గారూ, నేను ఎల్డన్‌నండీ. ట్రైలర్ ఎలా ఉంది?”

“దివ్యంగా ఉందయ్యా! గ్రీజు కూడా పెట్టించా.”

“సంతోషమండీ. అది... ఒంటరిగా ఏమన్నా ఉందా?”

“ఒంటరిగా ఎందుకుంటుంది? బుల్డోజరు దానిమీదే ఉందిగా.”

“ఓహో. బుల్డోజరు ఎప్పటికి దిగుతుందో...”

“నా కుంట గట్టు పనయ్యాక. ఏం, నీకేమన్నా ఇబ్బందా?”

“అబ్బెబ్బే! నాకేం ఇబ్బందండీ! ఊరికే, యోగక్షేమాలు కనుక్కుందామని.”

ఆర్లిస్ చేతిలోని గిన్నె దభీమని కింద పెట్టింది. “యోగక్షేమాలేమిటయ్యా? అదేమన్నా ఆస్పత్రిలో ఉన్న మేనత్తా? ‘నా ట్రైలర్ నాకు పంపండి’ అని ఒక్క ముక్క అనలేవూ?”

“ఎలా అంటానే? తిరిగి ఇమ్మంటే తీసుకున్నావని అన్నట్టేగా! వెండెల్ క్రూస్‌ని పట్టుకుని అరువుగాడు అనమంటావా?” ఆ మాట అన్నాక ఎల్డన్ కిటికీ వేసివుందో లేదో చూసుకున్నాడు.

“పోనీ, నేననమంటావా?”

“వద్దు వద్దు! రేపు బల్ల దగ్గర నేనే సూచనగా చెప్తాలే.”

మర్నాడు సూచనగా చెప్పాడు. “ఈ ఏడు గడ్డి బాగా వచ్చిందండీ,” అన్నాడు. అందరూ అభినందించారు. “వాగు ఒడ్డునే ఉందింకా,” అన్నాడు. వాగులో చేపలు బాగున్నాయని మెర్ల్ చెప్పాడు. “ఆకాశం చూస్తే...” అన్నాడు. ప్రభుత్వ వాతావరణ శాఖను నమ్మకూడదని గేలెన్ అరగంట ఉపన్యసించాడు.

ఇక ఎల్డన్, ఆర్లిస్ ట్రాక్టరుతో మోయడం మొదలెట్టారు. ముందు ఒక చుట్ట, వెనక ఒక చుట్ట గుచ్చుకుని, నత్తనడకన కొండెక్కి, మళ్ళీ పల్లానికి దిగడం. రోజంతా తిరిగినా బీడులో తేడా కనబడలేదు. మూడోనాటి పొద్దున పైన ఎక్కడో కుండపోతగా వాన కురిసింది. టాలివర్‌లో ఒక్క చుక్క పడలేదు. మధ్యాహ్నానికి విల్లో వాగు ఒడ్డు దాటి బీడులోకి వచ్చేసింది.

ఇక్కడ నవ్వడానికేమీ లేదు. చుట్టలు ఒకదాని వెనక ఒకటి లేచి తేలాయి. ఆర్లిస్ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఒకదాన్ని చేతులతో ఆపబోయింది. టన్ను గడ్డిని మనిషి ఆపగలదా? ఎల్డన్ ఆమె భుజాలు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాడు. ఇద్దరూ గట్టుమీద కూర్చుని తమ చలికాలం కొట్టుకుపోవడం చూశారు. ఆమె ఏడ్చింది. ఆయనకు ఏడుపు కూడా రాలేదు. ఏ ఆవుల్ని అమ్మాలా అని ఒక్కొక్క ఆవు మొహమే గుర్తుకొచ్చింది.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు కంటతడి పెట్టుకుని, ప్రొబాస్కో కుటుంబానికి వచ్చిన కష్టం ఎవరూ ఆపలేనిదనీ, దైవ నిర్ణయమనీ చెప్పారు. వెండెల్ లేచి నిలబడ్డాడు. “మన జిల్లాలో ఒకడికి దెబ్బ తగిలితే అందరం వస్తాం. శనివారానికి గడ్డి పోగుచేద్దాం!” జనం కరతాళధ్వనులు చేశారు. ఎల్డన్ తల వంచుకున్నాడు. నిజంగానే కృతజ్ఞతతో!

శనివారం సహకార సంఘం ఆవరణ తిరునాళ్ళలా ఉంది. ఊరేగింపుకు ముందు వెండెల్ పికప్, దానిమీద జెండా. దాని వెనక ముప్ఫై రెండడుగుల గూస్‌నెక్ ట్రైలర్. దాని నడుముకు ‘పొరుగువాడి ప్రేమ’ అని పెద్ద గుడ్డ కట్టారు. దానిమీద గడ్డి చుట్టలు. రెండేళ్ళ నాటివి, పైన నల్లబడ్డవి, కొట్టాల్లో చోటు తినేస్తున్నాయని ఎవరికి వాళ్ళు ఎప్పటినుంచో పారేద్దామనుకుంటున్నవి. అయినా ఆకలిగొన్న ఆవు ఏళ్ళు లెక్కపెట్టదు కదా. మెర్ల్ లోడరుతో వాటిని దించి, ఫొటోకు అందంగా ఉండేలా ఆవరణ మధ్యలో గోపురంలా పేర్చాడు. ఆర్లిస్ రివాజు ప్రకారం అందరికీ ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన ‘పై’లు చేసి తెచ్చింది.

పత్రిక అమ్మాయి ఫొటోలు తీసి, “ఈ ట్రైలర్ ఎవరిదండీ?” అని అడిగింది.

వెండెల్ సిగ్గుపడ్డాడు. “ఎవరిదైతే ఏముందిలేమ్మా! మన పేరు కోసమా చేసేది?”

ఆ వినయానికి ముచ్చటపడి ఆమె ఆయన పేరే రాసుకుంది.

ఎల్డన్‌ను మైకు ముందుకు తోశారు. ఆయన గడ్డి ఇచ్చినవారికీ, తెచ్చినవారికీ, దించినవారికీ పేరుపేరునా వందనాలు చెప్పాడు. జనం పైలు తిన్నారు. పడమట మబ్బు పట్టింది. ఒక్కొక్కరే టోపీలు సర్దుకుని బండ్లెక్కుతున్నారు. వెండెల్ కూడా ఎక్కాడు. ఖాళీ ట్రైలర్ వెనక గలగలలాడింది.

“వెండెల్ గారూ!” ఎల్డన్ పరుగెత్తాడు. “ఈ గడ్డి... మా ఇంటికి...”

“తీసుకెళ్ళవయ్యా! అంతా నీదే!”

“అహ, ఎలా తీసుకెళ్ళాలా అని...”

“పెద్దరైతువి, నేను చెప్పాలా నీకు?”

ఆర్లిస్ ఖాళీ పళ్ళేలు కింద పెట్టింది. “అడుగు,” అంది. అరవలేదు. ఎల్డన్ ఆమె మొహం చూశాడు. పొడుగు బల్ల దగ్గరి కుర్చీని తలుచుకున్నాడు. నలభై ఆవుల్ని తలుచుకున్నాడు. అంతమంది వింటుండగా టాలివర్ జిల్లాలో మనిషన్నవాడు అనకూడని మాట అనేశాడు.

“వెండెల్ గారూ, నా ట్రైలర్ నాకు ఒక్కరోజు అరువిస్తారా?”

ఒకామె పిల్లాడి చెవులు మూసింది. పాస్టరు గారు తన బూట్లలో ఏదో తప్పు కనిపెట్టినట్టు వాటినే చూస్తూ ఉండిపోయారు. గేలెన్ “ఛ, ఛ” అన్నాడు. పత్రిక అమ్మాయి కలం ఆగిపోయింది. అభిమానవంతమైన కుటుంబంలో పుట్టిన ఎల్డన్ ఇంతకు దిగజారతాడని ఎవరనుకున్నారు!

వెండెల్ మాత్రం పెద్దమనసు చేసుకున్నాడు. బండి దిగి వచ్చి ఎల్డన్ భుజంమీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా అన్నాడు: “తీసుకెళ్ళు నాయనా. కష్టంలో ఉన్నావు గనక ఈ ఒక్కసారికీ నేనేమీ అనుకోను. సోమవారం పొద్దుటికల్లా తెచ్చిపెట్టెయ్యి. కానీ ఎల్డన్, ఇది మాత్రం అలవాటు చేసుకోకు!”